నాలుగు గాట్లు

మామగారు కంచం ముందుకు నెట్టిన చప్పుడు వంటింట్లోకి వినిపించింది. మూడో రోజూ అంతే. రెండు ముద్దలు కలిపారు, ఒకటి తిన్నారు, లేచి చెయ్యి కడుక్కున్నారు.

"మాడితే ఎవరి కడుపు మాడుతుంది?" అన్నారు అత్తగారు పొయ్యితో.

"నా కడుపే," అన్నారు మామగారు గోడతో.

పెద్దవాళ్లిద్దరూ ఇలా పొయ్యితోనూ గోడతోనూ మాట్లాడుకోవడం చూసి కోడలికి మొదటి రోజు నవ్వొచ్చింది. రెండో రోజు భయమేసింది. ఇవాళ ఒట్టి నీరసం మిగిలింది. ఈ ఇంట్లో అడుగుపెట్టి అయిదు నెలలు. ఇంత అలిసిపోయిన ఇంటిని ఆమె ఇదివరకెప్పుడూ చూడలేదు. కుర్చీలు కూడా నడుం వాల్చుకుంటే బాగుండునన్నట్టున్నాయి.

ముందుగదిలో బల్ల మీద కాడి పడుంది. అప్పుడే స్నానం చేయించిన పసిబిడ్డ వీపులా నున్నగా ఉంది. అదే ఈ ఇంటికి వచ్చిన కష్టం.

ఆ కాడి మొదటి తాతది. మామగారికి తాత అయినా, ఇంటిల్లిపాదికీ ఆయన 'మొదటి తాతే'. ఇక్కడ ముళ్లకంపా బండరాళ్లూ తప్ప పచ్చగా ఏమీ లేని రోజుల్లో పెళ్లాన్నీ, జత ఎద్దుల్నీ, కుండెడు విత్తనాల్నీ వెంటబెట్టుకొచ్చాడు. మొదటి ఏడాది బండి కిందే కాపురం. పగలు కంప కొట్టడం, సాయంత్రం రాళ్లు ఏరి గట్టుకి చేర్చడం. ఏటా విత్తే రోజున, మొదటి సాలు తోలేముందు, కాడి మీద కత్తితో ఒక గాటు పెట్టేవాడు. నలభై ఒక్క ఏళ్లు విత్తాడు. నలభై ఒక్క గాట్లు. మామగారు వాటిని పసితనం నుంచీ వేలితో తడుముతూ పెరిగారు.

పోయిన వారం కాడి ఒక కొన పగుళ్లిచ్చింది. కొడుకు దాన్ని వడ్రంగి కొట్టుకి మోసుకెళ్లి, ఇనప పట్టీ వేయమని ఇచ్చాడు. వడ్రంగి పట్టీ వేశాడు. వేసి ఊరుకోకుండా కాడి పొడుగునా చిత్రిక పట్టేశాడు. ఒక్క గాటు మిగల్లేదు.

సరిగ్గా ఇవాళ, సాయంత్రం నాలుగింటికి, ఆ గాట్లతో పని.

నీళ్ల సంఘానిది ఒకటే పాత కట్టుబాటు. మొదట నేల విరిచి, ఏ ఏడూ బీడు పెట్టకుండా విత్తినవాడి ఇంటికి మొదటి తడి. చేను బీడు పెట్టినవాడి ఇంటికి ఆఖరు తడి. ఇన్నాళ్లూ అది నోటిమాట మీదే నడిచింది. ఈ ఏడు కాలవలో నీళ్లు మోకాటి లోతు కూడా లేకపోయేసరికి, సంఘంలో కుర్రకారు రుజువులు అడిగారు. ఈ ఇంటి చేను కాలవ చివర, మెరక మీద ఉంది. మొదటి తడి చెయ్యి జారితే అక్కడిదాకా చుక్క ఎక్కదు. నారుమడి పది రోజుల్లో ఎండిపోతుంది.

అందుకే మొదటి తాత జీవితం రాసే పని కోడలికి అప్పగించారు. "నువ్వు చదువుకున్నదానివి. పాత రాతలు చదవగలవు. రాయమ్మా," అన్నారు మామగారు నెల కిందట, కళ్లు మెరుస్తూ. ఆ మెరుపు కోసమే ఆమె నెల్లాళ్లు పాత పెట్టెలన్నీ దులిపింది.

ఇప్పుడు ఆ కళ్లలోకి చూడ్డానికి ఆమెకి ధైర్యం చాలడం లేదు. కారణం వడ్రంగి కాదు.

*

నారుమడి దగ్గర ఆమె భర్త డబ్బాతో నీళ్లు పోస్తున్నాడు. పంపులు బాగుచేసే కొట్టుకి వెళ్లేముందు ఇరవై డబ్బాలు, వచ్చాక ఇరవై. మూడు రోజులుగా తండ్రి తనతో మాట్లాడటం లేదని ఆ కసంతా డబ్బాల మీద తీర్చుకుంటున్నాడు.

"ఏం పంతులమ్మా, ముఖం అలా వేలాడేశావ్?"

"నీ ముఖం అద్దంలో చూసుకున్నావా?"

నలుగురిలో 'మీరు', ఎవరూ లేనప్పుడు 'నువ్వు' అని వాళ్లిద్దరి ఒప్పందం. ఆ 'నువ్వు'ని ఆమె నోట్లో పెట్టుకుని చప్పరించినట్టు అనేది. అతని చొక్కా జేబులోంచి ఆమె తలపిన్ను కొస బయటికి కనబడుతోంది. పెళ్లైన వారానికి దొంగిలించిన పిన్ను అది. నిన్న దాంతోనే ఒక పంపు రంధ్రం శుభ్రం చేశానని గర్వంగా చెప్పుకున్నాడు. ఇంత దిగులులోనూ ఆ పిన్ను చూస్తే ఆమెకి లోపలెక్కడో గిలిగింత పెట్టినట్టయింది.

"నేనొకటి చెప్తాను. అరవకూడదు," అంది.

"అరిచే ఓపిక ఎక్కడేడిసింది?"

"నా దగ్గర గాట్లున్నాయి."

అతను డబ్బా దించాడు.

"ఆ రోజు మధ్యాహ్నం గుర్తు లేదూ? కాడి మీద కాగితం పరిచి నువ్వు పట్టుకున్నావ్. నేను పెన్సిలుతో రుద్దాను. నీ ముక్కుకి నల్లగా మసి పూశాను."

"ఆ కాగితం ఉందా!" అతను నిజంగానే అరిచాడు. "ఉంచుకుని మూడు రోజులుగా నన్ను మా నాన్న కళ్లముందు దోషిలా నిలబెట్టావా? నేను చెప్పింది పట్టీ వేయమనే. చిత్రిక మాట నా నోటెంట రాలేదు. చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. ఒక్క కాగితం ముక్క చూపిస్తే..."

"చూడు ముందు."

కొంగు చాటు నుంచి తీసి విప్పింది. పొడవాటి కాగితం మీద బూడిదరంగులో కాడి ఒళ్లంతా అచ్చుపడింది. నలభై ఒక్క తెల్లని గీతలు. ప్రతి గీత పక్కనా ఆమె చిన్న అక్షరాలతో అది ఎన్నో ఏడాదిదో వరసగా రాసింది. అతను పెదాలు కదుపుతూ వరస పట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగు దగ్గర ఆగాడు.

"ఇవి వేరేగా ఉన్నాయే."

"నాలుగు, అయిదు, ఆరు, ఏడు. మిగతావన్నీ ఒకవైపు నిట్టనిలువుగా తెగి, రెండో వైపు వాలుగా ఉన్నాయి. ఈ నాలుగూ తిరగబడ్డాయి."

"ఎడమ చేత్తో కోసినట్టు," అన్నాడతను మెల్లగా.

ఆమె కాగితంతో పాటు ఒక కవరు కూడా చేతికిచ్చింది. పాత పెట్టె అడుగున ఒక ఇత్తడి బిళ్ల దొరికింది ఆమెకి. ఇరవై ఆరు అని అంకె, ఒక రాతిక్వారీ గుర్తు. ఉత్సాహం పట్టలేక ఆ క్వారీ ఆఫీసుకి ఉత్తరం రాసింది. కాడి నున్నగా ఇంటికి తిరిగొచ్చిన రోజే జవాబు కూడా వచ్చింది. బిళ్ల నంబరు ఇరవై ఆరు, మొదటి తాత పేరు, తండ్రి పేరు, వేలిముద్ర. నాలుగేళ్ల పాటు రాళ్లు కొట్టిన కూలీ. ఆయన ఈ నేలకొచ్చిన నాలుగో ఏడు నుంచి ఏడో ఏడు దాకా.

అతను ఉత్తరం రెండుసార్లు చదివాడు. మడతపెట్టి తిరిగిచ్చాడు. నారు వైపు చూశాడు.

"ఇది సంఘంలో పెడితే మొదటి తడి పోతుంది," అన్నాడు.

"తెలుసు."

"నాన్న కూలిపోతాడు."

"అదీ తెలుసు. కొత్త కోడలొచ్చి ఇంటి పునాది తవ్వి పోసిందంటారు. అదీ తెలుసు. అందుకే మూడు రోజులు కొంగులో పెట్టుకు తిరిగాను. అన్నం సయించడం లేదు. నిద్ర పట్టడం లేదు. దాచితే నువ్వు దోషివి, చూపిస్తే నేను."

అతను జేబులోని పిన్ను తీసి వేళ్ల మధ్య తిప్పాడు.

"నన్ను బయటపడెయ్యాలని చూపించకు. అలాగని నాన్నకి భయపడి దాచకు," అన్నాడు చివరికి. "అంతకన్నా నాకేం తోచడం లేదు. బుర్ర పనిచెయ్యడం మానేసింది."

దూరం నుంచి మామగారి గొంతు వినిపించింది. మూడు రోజుల తర్వాత గోడతో కాక మనిషితో మాట్లాడుతున్న గొంతు.

*

వడ్రంగి గుమ్మంలో నిలబడున్నాడు. చేతిలో బుట్ట. బుట్టలో చెక్క తరుగు.

"తెమ్మన్నారని తెచ్చా బాబూ. సగం పొయ్యిలోకి పోయింది. ఉన్నంతా ఏరాను."

మామగారు బుట్టని ఒళ్లో పెట్టుకున్నారు. వంకీలు తిరిగిన తరుగు ఒక్కొక్కటీ తీసి వెలుతురుకి పట్టి చూస్తున్నారు. అక్కడక్కడా ఒక గాటు ముక్క కనిపిస్తోంది. దాన్ని వేళ్లతో అతికించబోయారు. అది విరిగింది. కోడలు తల తిప్పేసుకుంది.

"నా తాత బతుకయ్యా ఇది," అన్నారు మామగారు. కోపం కూడా లేదు గొంతులో. "బుట్టలో పోసుకొచ్చావు."

"నన్నేం చెయ్యమంటారు? చెప్పినట్టు చేశాను."

"ఎవరు చెప్పారు? వీడా?" కొడుకు వైపు చూడకుండానే వేలు చూపించారు.

"అబ్బాయి పట్టీ ఒక్కటే చెప్పాడు. అబద్ధమెందుకు? మర్నాడు పొద్దున కబురొచ్చింది. సంఘంలో నలుగురూ పట్టుకుని చూస్తారు, పేడు మిగలకుండా బాగా చిత్రిక పట్టమని."

"ఎవరి దగ్గర్నుంచి?"

వడ్రంగి పైకప్పు చూశాడు. చెప్పుల వైపు చూశాడు. వంటింటి వైపు మాత్రం చూడకూడదని ఎంత ప్రయత్నించాడో, ఆ ప్రయత్నమే పట్టిచ్చింది.

"నేనే," అన్నారు అత్తగారు వంటింటి గుమ్మంలోంచి. చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు. "అతన్ని నిలదీయకండి. నేనే చెప్పాను."

నోరు మూత పడని వడ్రంగి గుమ్మం అవతలికి ఒక అడుగు వేశాడు.

"అమ్మా!" అన్నాడు కొడుకు. "మూడు రోజులు నన్ను తిట్టిస్తూ చూస్తూ కూచున్నావా?"

"తిట్లు నీకు కొత్తా? అరుగుతాయిలే."

"నువ్వా?" అన్నారు మామగారు. అంతకన్నా పెద్ద మాట ఆయనకి దొరకలేదు. "ఎందుకు? నీకు నా మీద ఏం కక్ష?"

"ఏడాదికోసారి ఆ కాడికి నూనె రాసేది ఎవరు?" అత్తగారు గొంతు పెంచలేదు. "ముప్ఫై నాలుగేళ్లుగా ఈ చేతులే. మీరు ముద్దుగా పైపైన తడుముతారు. నేను గాటు గాటులోకీ వేలు పెట్టి నూనె పట్టించాను. ఏ గాటు ఎటు వాలిందో నా వేళ్లకి తెలుసు."

"ఏం తెలుసు?"

అత్తగారు కొంగు కొన వేలికి చుట్టుకున్నారు. మామగారు కొడుకు వైపు చూశారు. కొడుకు కోడలి వైపు చూశాడు. కోడలు కొంగులో చెయ్యి పెట్టింది.

"మామయ్యా," అంది. "గాట్లు పోలేదు. ఇవిగో."

కాగితం విప్పి బల్ల మీద, కాడి పక్కనే పరిచింది. మామగారి ముఖం చూస్తుండగానే వెలిగింది. ఆ వెలుగు చూసి ఆమెకి ఏడుపొచ్చింది. ఎంతసేపుంటుందో తెలుసు కనుక.

"నా తల్లే! అన్నీ ఉన్నాయే!" వేలు పెట్టి వరస పట్టారు. వేలు నాలుగో గీత మీద నిలిచిపోయింది. మళ్లీ మొదటి నుంచి వచ్చారు. మళ్లీ అక్కడే ఆగారు.

"ఈ నాలుగూ తప్పు గీశావమ్మా."

"నేను గీయలేదు మామయ్యా. పెన్సిల్ రుద్దాను. కాడి మీద ఎలా ఉంటే అలా పడింది."

"కాగితం జరిగుంటుంది."

"నేనూ అలాగే అనుకున్నాను. జరిగితే అన్నీ జరగాలిగా."

వడ్రంగి మెడ సాచి చూశాడు. వృత్తి ముందు అతని భయం నిలవలేదు. "అది జరిగింది కాదు బాబూ. కుడిచేతివాడు గాటు పెడితే ఇటు నిలువుగా దిగి అటు వాలుతుంది. ఈ నాలుగూ పుర్రచెయ్యి. కత్తి మాత్రం మంచిది, మనిషి కూడా పనితనం ఉన్నోడే. ఎంత తీరుగా..." అందరి ముఖాలూ చూసి ఆగిపోయాడు. "నాకు కొట్లో పనుంది. నేనేం చూడలేదు, ఏం వినలేదు. బుట్ట తర్వాత తీసుకుంటాను." వెళ్లిపోయాడు.

పుర్రచెయ్యి.

ఆ మాట గదిలో మిగిలిపోయింది. చుట్టుపక్కల ఎన్ని ఇళ్లు వెతికినా పుర్రచేతివాళ్లు ఒక్క ఇంట్లోనే ఉన్నారు. తాత నుంచి మనవడి దాకా అందరిదీ అదే వాటం. పక్కిల్లు. పదకొండేళ్లుగా ఈ ఇంటికీ ఆ ఇంటికీ మాటల్లేవు. ఒక ఎండాకాలం ఈ ఇంటి వంతులో పక్కింటి పుర్రచేతాయన అరగంట సేపు కాలవ తూము పలక ఎత్తి నీళ్లు మళ్లించుకున్నాడని, మామగారు నలుగురిలో 'బీడు నాయాలా' అన్నారు. అంతే. ఆ ఇంటిని ఎవరైనా తిట్టేది ఆ మాటతోనే. వాళ్ల తాత చేను బీడు పెట్టాడు కాబట్టే వాళ్లకి ఆఖరు తడి.

కోడలు ఉత్తరం కూడా బల్ల మీద పెట్టింది. మామగారు కళ్లజోడు వెతుక్కుని చదివారు. చదువుతున్నప్పుడు ఆయన పెదాలు కదిలాయి. వేలిముద్ర దగ్గర తన బొటనవేలు ఆనించి చూసుకున్నారు.

"రాళ్లు కొట్టాడా," అన్నారు. "మా తాత? నేల విడిచి?"

"మూడో ఏడు చుక్క వాన పడలేదని మీరే చెప్పారు కదా మామయ్యా. ఇద్దరు పిల్లలు. తాతగారు కూలికి పోయుంటారు."

"మరి నాలుగేళ్లు ఇక్కడ విత్తిందెవరు?"

ఎవరూ జవాబు చెప్పాల్సిన పని లేదు. కాగితం ఎదురుగానే ఉంది.

మామగారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. కళ్లు నులుముకున్నారు.

"ఆ ఇంటి బీడు ఎన్నేళ్లు?" అన్నారు కొడుకుతో. మూడు రోజుల్లో కొడుకుతో అన్న మొదటి మాట అది.

"నాలుగేళ్లు నాన్నా. సంఘంలో పెద్దలందరి నోటా ఉన్నదే."

"ఏ నాలుగు?"

కొడుకు తల దించుకున్నాడు. "అవే."

ఒక జత ఎద్దులు, ఒక మనిషి. ఒక చేనే దున్నగలడు. తన చేను ముళ్లకంపకి వదిలేసి, పక్కవాడి చేను దున్ని, పక్కవాడి కాడి మీద ఏటా ఒక గాటు పెట్టి, పక్కవాడి పెళ్లాం బిడ్డలకి గింజలు కొలిచిన మనిషి. ఆ మనిషి మనవణ్ణే నలుగురిలో తానన్న మాట మామగారికి గుర్తొచ్చినట్టుంది. బుట్టలోని తరుగు వైపు చూస్తూ ఉండిపోయారు.

"ముప్ఫై నాలుగేళ్లు," అన్నారు భార్యతో. "ఒక్కసారి చెప్పలేకపోయావా?"

"మీరు ఎప్పుడైనా అడిగారా? తాత తాత అని మురిసిపోయే మనిషి నోట్లో మన్నెలా కొట్టను? ఇవాళ ఆ కాడి సంఘంలో చేతులు మారుతుంది. అక్కడ ఆ పుర్రచేతాయన కూర్చునుంటాడు. చూడగానే తెలిసిపోతుంది. మీరు తల దించుకోవడం చూడాల్సి వస్తుందని..." అత్తగారు నున్నటి కాడి మీద చెయ్యి వేశారు. "చిత్రిక పట్టించేశాను. తప్పే. ఒప్పుకుంటున్నా. నాకూ ఓపిక అయిపోయింది."

గడియారం ఒంటిగంట కొట్టింది. మామగారు బుట్ట ఒళ్లోంచి దించి అన్నారు.

"అన్నం పెట్టు."

అత్తగారు కదల్లేదు, విన్నది నిజమేనా అన్నట్టు.

"పెట్టవే. ఆకలేస్తోంది."

ఆయన తింటున్నంతసేపూ ముగ్గురూ చుట్టూ నిలబడి, పరీక్ష రాసే పిల్లాణ్ణి చూసినట్టు చూశారు. మూడు ముద్దలు తిన్నాక "ఏంటా చూపు, దిష్టి తగుల్తుంది," అని కసురుకున్నారు. ఆ కసురు వినేసరికి కోడలికి ప్రాణం లేచొచ్చింది. భర్త మోచేతిని మోచేత్తో తగిలించింది. అతను చూడనట్టు నటిస్తూ తిరిగి తగిలించాడు. అంత అలసటలో అదొక్కటే పండగ.

చెయ్యి కడుక్కుని ఆయన కత్తి తెమ్మన్నారు. కాడిని ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నారు. కాగితం పక్కన పరిచారు.

"ఏం చేస్తున్నారు?" అన్నారు అత్తగారు.

"నున్నటి కర్ర పట్టుకెళ్లి ఏం చూపించను? ఉన్నవి ఉన్నట్టు పెట్టి తీసుకెళ్తాను."

"ఉన్నవి ఉన్నట్టా? ఆ నాలుగూ కూడానా? మరి మొదటి తడి?"

ఆయన కాగితం మీద మొదటి గీత దగ్గర వేలు పెట్టారు.

"నారుమడి ఏమైపోతుందండీ? కోత దాకా ఏం తింటాం?"

కత్తి దిగింది. ఒకటి. గాటు తిన్నగా పడింది. రెండు. మూడు. తరుగు ఒళ్లో రాలింది.

నాలుగో దానికి కత్తి ఎడమ చేతిలోకి మార్చుకున్నారు. కొయ్య మీద ఆనించారు. జారింది. మళ్లీ ఆనించారు. గీరు పడింది, గాటు పడలేదు. ఎడమ చెయ్యి ఆయన మాట వినడం లేదు.

"నేను పెట్టనా నాన్నా? కాడి అటు తిప్పి పట్టుకుని కోస్తే కుడిచేత్తోనే వస్తుంది," అన్నాడు కొడుకు.

"వస్తుంది," అన్నారు మామగారు. "వస్తుంది గాని అది దొంగ గాటవుతుంది."

కత్తి కింద పెట్టారు. కోడలి వైపు చూశారు. ఆ కళ్లలో మెరుపు లేదు, కోపమూ లేదు. బరువు దించుకోవడానికి చోటు వెతుక్కునే మనిషి చూపు.

"అమ్మాయ్, పక్కింటికి వెళ్లు. నేను రమ్మన్నానని చెప్పు. వాడి కత్తి వాణ్ణి తెచ్చుకోమను."

*

రెండు గుమ్మాల మధ్య ముప్ఫై అడుగుల దూరం. ఈ ఇంటి కోడలై వచ్చాక ఆమె ఆ దారి తొక్కడం ఇదే మొదలు. పక్కింటి గేటు తోస్తే కిర్రుమంది.

పుర్రచేతాయన వసారాలో కూర్చుని తాడు పేనుతున్నాడు. ఎడమ చెయ్యి నడుస్తోంది, కుడి చెయ్యి ఊరికే తోడుంది.

"ఎవరూ?"

"నేనండీ బాబాయిగారూ, పక్కింటి కోడల్ని."

"మాకు పక్కిల్లు కూడా ఉందా?" అన్నాడు తాడు వదలకుండా.

"మామయ్య మిమ్మల్ని రమ్మన్నారు." ఎలా చెప్పాలో తెలియక ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. "కత్తి తెచ్చుకోమన్నారు."

లోపల గిన్నె చప్పుడు ఠక్కున ఆగింది. "కత్తా? ఏంటండీ, ఏం గొడవ?" అని ఆడగొంతు.

పుర్రచేతాయన పొడిగా నవ్వాడు. "పదకొండేళ్లకి పిలుపొచ్చింది. అదీ కత్తితో రమ్మని. కొట్లాడే ఓపికుందటమ్మా మీ మామకి?"

"లేదండీ. మూడు రోజుల తర్వాత ఇవాళే అన్నం తిన్నారు."

చేతిలో తాడు నిలిచిపోయింది. ఆమెని తేరిపార చూశాడు.

"ఎన్ని గాట్లు?" అన్నాడు.

ఆమె గాట్ల మాటే ఎత్తలేదు. "మీకు తెలుసా?"

"మా తాత పెట్టినవి నాకు తెలీకుండా పోతాయా? ఎన్ని అన్నాడు మీ మామ? తన నోటితో అన్నాడా?"

"నాలుగు. తన నోటితోనే."

ఆయన చూపు వసారా దాటి ఎక్కడికో పోయింది.

"మరి సంఘంలో ఎప్పుడూ చెప్పలేదేం?" అంది ఆమె. "ఆఖరు తడి తీసుకుంటూ, అందరిచేతా బీడు ఇల్లు అనిపించుకుంటూ..."

"మీ మొదటి తాత మా తాత చేత మాట తీసుకున్నాడు. ఇద్దరు పసిపిల్లలతో ఇల్లాల్ని వదిలి రాళ్లు కొట్టడానికి పోయాడని నలుగురికీ తెలిస్తే, ఆ నేల ఎవడో కబ్జా చేస్తాడు, ఆవిడ బతుకు బజారున పడుతుంది. తెల్లారకముందే దున్నేవాడట మా తాత, మీ చేన్లో. చూసినవాళ్లు మీ తాతే అనుకునేవాళ్లట. ఆ మాట మా నాన్నకి అప్పజెప్పాడు. మా నాన్న నాకు."

"నీళ్లు పోతున్నా?"

"పోతున్నా," అన్నాడాయన.

లేచి చూరులో చెయ్యి పెట్టాడు. పాత కత్తి తీశాడు. పదును బొటనవేలితో చూసుకున్నాడు. ఆమె ముందు నడవడానికి తిరిగింది. ఆయన మాత్రం కదలకుండా కత్తి పిడిని ఆమె వైపు చాచాడు.

"ఇది నువ్వు పట్టుకెళ్లు తల్లీ. మా తాతదే."

"మీరు రారా బాబాయిగారూ?"

"పదకొండేళ్లు. ఈ కాళ్లు కూడా ఒప్పుకోవాలిగా." మళ్లీ కూర్చున్నాడు. తాడు చేతిలోకి తీసుకున్నాడు. పేనడం మాత్రం మొదలుపెట్టలేదు.

ఆమె కత్తి కుడిచేత్తో పట్టుకుంది. పిడి చేతిలో ఒదగలేదు. ఎక్కడో గుచ్చుకుంటోంది. ఎడమ చేతిలోకి మార్చుకుంది. నూరేళ్లుగా అరిగిన గుంటల్లో నాలుగు వేళ్లూ వాటంతటవే కూర్చున్నాయి, ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు.

తమ గుమ్మం దగ్గర మామగారు ఒళ్లో కాడితో అలాగే కూర్చునున్నారు. పక్కన అత్తగారు. వెనక గడియారం మూడు కొడుతోంది. భర్త గుమ్మం దాకా ఎదురొచ్చి, ఆమె చేతిలో కత్తి చూసి, ఆమె వెనక ఖాళీ దారి చూశాడు.

ఆమె వెనక్కి తిరగలేదు. చెవులు మాత్రం అక్కడే వదిలొచ్చింది. పక్కింటి గేటు కిర్రుమంటుందేమోనని ఒక్కో అడుగూ మెల్లగా వేసింది.

ముప్ఫై అడుగులూ అయిపోయాయి. గేటు ఇంకా చప్పుడు చెయ్యలేదు.